ఒడిశా సరిహద్దుకు కొత్తగా వచ్చారా? ఇక్కడి సెలవుల లెక్క తెలుసుకోండి

బదిలీ మీదో, వ్యాపారానికో, పెళ్ళి చేసుకునో ఆంధ్ర నుంచి బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు వచ్చేవాళ్ళు అద్దె ఇంటి గురించి అడుగుతారు, పిల్లల బడి గురించి అడుగుతారు, నీళ్ళు ఉప్పగా ఉంటాయా అని కూడా అడుగుతారు. సెలవుల గురించి మాత్రం ఎవరూ అడగరు. వీధికి పది తెలుగు ఇళ్ళుంటాయి, గుళ్ళో పంతులుగారు తెలుగులోనే సంకల్పం చెప్తారు, ఇంక తేడా ఏముంటుందిలే అనుకుంటారు. జూన్ మధ్యలో ఒకరోజు తాపీమేస్త్రీ రాడు, పనిమనిషి రాదు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు తాళం వేసి ఉంటుంది. ఏమైందో ఎవర్ని అడగాలో కూడా తెలీదు.

ఇక్కడ గోడ మీద రెండు క్యాలెండర్లు పెట్టుకోండి. ఒకటి మన తెలుగుది, రెండోది ఒడియా పంజిక, అంటే వాళ్ళ పంచాంగం, ఉన్నది. ఆఫీసు తలుపులు ఎప్పుడు మూస్తారో ప్రభుత్వ జాబితాలో ఉంటుంది. ఊళ్ళో పని ఎప్పుడు ఆగిపోతుందో తెలియాలంటే పంజిక చూడాలి, లేదా పక్కింటి ఒడియా పిన్నిగారిని అడగాలి. నన్నడిగితే పిన్నిగారే నయం.

ముందు జాబితాల సంగతి. కలెక్టరేటు, తహసీల్దారు ఆఫీసు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు, ప్రభుత్వ బళ్ళు ఒడిశా ప్రభుత్వం ఇచ్చే సెలవులు పాటిస్తాయి. పోస్టాఫీసు, ఆదాయపు పన్ను ఆఫీసు లాంటివి కేంద్రం కింద నడుస్తాయి. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులకు 14 సెలవులు దేశమంతా తప్పనిసరి. గణతంత్ర దినం, స్వాతంత్ర్య దినం, గాంధీ జయంతితో పాటు దసరా, దీపావళి, రెండు ఈద్‌లు, మొహర్రం, మిలాద్, గుడ్ ఫ్రైడే, క్రిస్మస్, బుద్ధ పూర్ణిమ, మహావీర్ జయంతి, గురు నానక్ జయంతి అందులో ఉంటాయి. ఇంకో 3 సెలవులను ఆ రాష్ట్రంలోని ఉద్యోగుల సమన్వయ కమిటీ 12 పండగల పట్టీ నుంచి ఎంచుకుంటుంది. ఆ పట్టీలో హోలీ, రథయాత్ర, వినాయక చవితి, ఉగాది లాంటివన్నీ ఉంటాయి. వీటికి తోడు ప్రతి ఉద్యోగీ ఏడాదికి 2 ఆర్‌హెచ్‌లు (రెస్ట్రిక్టెడ్ హాలిడేలు, అంటే తనకు కావలసిన పండగకు తీసుకునే ఐచ్ఛిక సెలవులు) వాడుకోవచ్చు. అందుకే ఒకే ఇంట్లో భర్త తపాలా శాఖలో, భార్య ప్రభుత్వ బడిలో పనిచేస్తుంటే ఇద్దరి సెలవులూ కలవడం లేదని గొణుక్కోవడం ఇక్కడ మామూలే.

బ్యాంకుల దారి వేరు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించే సెలవులు వాటికి వర్తిస్తాయి. రిజర్వు బ్యాంకు జాబితా చూసేటప్పుడు భువనేశ్వర్ వరుస చూడండి. అలవాటుకొద్దీ విజయవాడ వరుస చూసుకుని బయల్దేరేవాళ్ళు చాలామంది ఉన్నారు. 2, 4 శనివారాలు ఎక్కడైనా సెలవే, 2015 సెప్టెంబరు నుంచి అదే పద్ధతి. నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి, ఆర్‌టీజీఎస్ 2020 డిసెంబరు నుంచి రాత్రీ పగలూ నడుస్తున్నాయి కాబట్టి డబ్బు పంపడానికి టెన్షన్ లేదు. చిక్కంతా లాకరు, బంగారం లోను, చెక్కు, డీడీ పనులతోనే.

సరిహద్దులో ఉండటం వల్ల ఒక వెసులుబాటు ఉంది. పర్లాకిమిడి దాటితే పాతపట్నం, బరంపురం నుంచి కిందికి వస్తే ఇచ్ఛాపురం. రథయాత్రకు ఇక్కడ బ్యాంకు మూస్తే అక్కడ తెరిచి ఉంటుంది. ఉగాదికి అక్కడ మూస్తే ఇక్కడ మామూలుగా పనిచేస్తుంది. వ్యాపారం చేసేవాళ్ళు రెండు వైపులా ఖాతాలు ఉంచుకోవడం ఇందుకే.

ఉగాదికి ఒడిశాలో సెలవు లేదు. ఇది ముందే మనసుకు చెప్పుకోండి. పచ్చడి తిని, పిల్లలకు కొత్త బట్టలు తొడిగి, తొమ్మిదిన్నరకల్లా ఆఫీసులో ఉండాలి. సంక్రాంతికి భోగి, కనుమ సెలవులు కూడా ఇక్కడ లేవు. అటువైపు పిల్లలకు వారం పైనే సంక్రాంతి సెలవులుంటాయి కాబట్టి తాతగారింటికి వెళ్ళాలంటే మన పిల్లలకు బడి ఎగ్గొట్టించాల్సిందే. తెలుగు టీచర్లున్న బడుల్లో సర్దుకుంటారు, లేని చోట ముందే చీటీ రాసి ఇవ్వండి. ఒడియావాళ్ళ సంవత్సరాది ఏప్రిల్ 14 ప్రాంతంలో వచ్చే మహా విషువ సంక్రాంతి, పణా సంక్రాంతి అని కూడా అంటారు. ఆరోజే అంబేడ్కర్ జయంతి కూడా కాబట్టి మొత్తం దేశానికే సెలవైనట్టుంటుంది. ఆ మధ్యాహ్నం ఎవరింటికి వెళ్ళినా మారేడు గుజ్జుతో చేసిన బేల పణా ఇస్తారు. గంజాం జిల్లాలో దండనాటం అనే వ్రత నృత్యం చేసే బృందాలు ఆ రోజుతో వ్రతం ముగిస్తాయి.

ఏప్రిల్ 1 గురించి ఒక మాట. అది ఉత్కళ దివస్. 1936లో ఆ రోజున ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది. దానికోసం ముందు నిలబడ్డవారిలో పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి ఒకరు, గజపతి జిల్లాకు ఆయన పేరే పెట్టారు. అదే పర్లాకిమిడిలో బతికిన గిడుగు రామమూర్తిగారు ఊరిని ఒడిశాలో కలపడం ఇష్టంలేక రాజమండ్రి వెళ్ళిపోయారు. రెండు కథలూ ఈ ఊరివే. టీకొట్టు దగ్గర ఎవరు ఏ కథ మొదలుపెట్టినా వినండి, మధ్యలో తీర్పు చెప్పకండి. బ్యాంకులకు అది ఎలాగూ ఖాతాలు ముగించుకునే రోజు.

ఇక అసలు తికమక నెలలతో వస్తుంది. మనకు నెల అమావాస్యతో ముగుస్తుంది, ఒడియావాళ్ళకు పున్నమితో. మన కార్తీకం దీపావళి మర్నాడు మొదలవుతుంది. వాళ్ళ కార్తీకం అప్పటికే సగం అయిపోయి ఉంటుంది. ఆ నెలంతా చాలా ఒడియా ఇళ్ళలో నీచు వండరు, చివరి అయిదు రోజులు, పంచుక అంటారు, మరీ గట్టి పట్టు. కార్తీక పున్నమి తెల్లవారుజామున చెరువుల్లో, నదిలో అరటి డొప్పలతో, షోలా బెండుతో చేసిన చిన్న పడవలు దీపం పెట్టి వదులుతారు. ఆ రోజు రాష్ట్ర సెలవు, గురు నానక్ జయంతి కాబట్టి కేంద్రానికీ సెలవే. మర్నాడు ఛాడఖాయి. నెల్లాళ్ళు నోరు కట్టుకున్నవాళ్ళు పొద్దున్నే మాంసం కొట్ల ముందు వరస కడతారు. వీధంతా మసాలా వాసన. మనకేమో కార్తీకం ఇంకా పదిహేను రోజులుంది, అప్పుడే ఎదురింటివాళ్ళు గిన్నెతో కూర పట్టుకొస్తారు. నొచ్చుకోకుండా 'మాకు అమావాస్య దాకా ఉందండీ' అని చెప్పండి, పాత తెలుగు ఇళ్ళవాళ్ళంతా అదే చెప్తారు, వాళ్ళకూ తెలుసు.

ఇదే లెక్కన మార్గశిర లక్ష్మివారాలు కూడా. విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఆడవాళ్ళకు ఈ పూజ కొత్తేమీ కాదు. కాకపోతే ఇక్కడివాళ్ళు మనకంటే రెండు వారాల ముందే మొదలుపెట్టేస్తారు. గురువారం తెల్లారేసరికి గుమ్మంలో బియ్యపు పిండితో వేసిన లక్ష్మి పాదాలు, వరికంకుల ముగ్గులు కనిపిస్తే మనమే తిథి మర్చిపోయామని కంగారు పడొద్దు. ఇది సెలవు కాదు గానీ, ఆ పూట పనిమనిషి ఆలస్యంగా వస్తుంది, అప్పు తీర్చమనో ఇమ్మనో అడిగితే ఎవరూ ఇవ్వరు.

అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది రొజొ. జూన్ 14, 15 తేదీల దగ్గర, మిథున సంక్రాంతికి అటూ ఇటూ మూడు రోజులు. భూమాత బహిష్టు అవుతుందని నమ్మకం, అందుకే నేల దున్నరు, తవ్వరు. ఆడవాళ్ళు రుబ్బరు, దంచరు, వండటం కూడా వీలైనంత తగ్గిస్తారు. పిండివంటలన్నీ ముందురోజే చేసి పెట్టుకుంటారు. మామిడి కొమ్మలకు ఉయ్యాలలు, అరుగుల మీద పేకాట, నోట్లో తాంబూలం. నాలుగో రోజు సన్నికల్లును భూదేవిగా పెట్టి పసుపు నీళ్ళతో స్నానం చేయించి, బొట్టు పెట్టి, పూలు పెడతారు. అప్పటిదాకా ఆ రాయి ఊరికే ఉంటుంది. మనకు ఇంట్లో పెద్దవాళ్ళు బహిష్టు అంటే గొంతు తగ్గించి మాట్లాడటం అలవాటు. ఇక్కడ దాన్నే మూడురోజుల పండగ చేసి ప్రభుత్వం సెలవు కూడా ఇస్తుంది. నాకు ఈ నేల మీద బాగా నచ్చిన విషయాల్లో ఇదొకటి.

రొజొకు పోడోపిఠా ఇస్తే కాదనకండి. బియ్యం, మినప్పప్పు రుబ్బిన పిండిలో బెల్లం, కొబ్బరి ముక్కలు, యాలకులు కలిపి, అరటాకు చుట్టి, సన్న నిప్పు మీద రాత్రంతా ఉంచుతారు. పైన నల్లగా మాడి, లోపల మెత్తగా ఉంటుంది. ఆ మాడిన పొరే అసలు రుచి. పని సంగతికి వస్తే, ఇల్లు కట్టుకునేవాళ్ళు స్లాబు వేయడం, బావి తవ్వడం, పునాది తీయడం ఆ వారంలో పెట్టుకోవద్దు. డబుల్ కూలీ ఇస్తానన్నా మేస్త్రీ రాడు, బతిమాలితే అవమానంగా తీసుకుంటాడు. రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసులు పహిలి రొజొకూ, అంటే మొదటి రోజుకూ, రెండో రోజు సంక్రాంతికీ మూస్తారు. బ్యాంకు కూడా రెండు రోజులూ మూస్తారని అనుకోకుండా జాబితా చూసుకోండి.

పిల్లలున్నవాళ్ళకు ఇంకో చిక్కు. సరస్వతీ పూజకు, వినాయక చవితికి సెలవు అని రాసి ఉంటుంది, కానీ పిల్లలు బడికి వెళ్ళాలి. పూజ బడిలోనే జరుగుతుంది. స్నానం చేసి, ఏమీ తినకుండా వెళ్ళి, పుష్పాంజలి ఇచ్చి, ప్రసాదం తిని రావాలి. చవితినాడు మన ఇంట్లో పూజ, కథ, అక్షింతలు ఉంటాయి కాబట్టి పొద్దున అయిదింటికే లేవక తప్పదు. చవితి మర్నాడు నువాఖాయి, పశ్చిమ ఒడిశా వాళ్ళ కొత్త బియ్యం పండగ. మన వైపు హడావిడి తక్కువే గానీ సెలవు రాష్ట్రమంతటికీ ఉంటుంది. చందాలకు మాత్రం సిద్ధంగా ఉండండి. ఎంత ఇస్తారో మొదటి ఏడాదే తేల్చుకోండి, ఏటా అదే మొత్తం అడుగుతారు, తగ్గిస్తే గుర్తుపెట్టుకుంటారు.

దుర్గాపూజకు సప్తమి నుంచి దశమి దాకా ఆఫీసులు మూతే. అత్యవసరమైన సర్టిఫికెట్టు ఏదైనా కావాలంటే పంచమిలోపే తెచ్చుకోండి. దీపావళి సాయంత్రం ఒడియా ఇళ్ళ ముందు జనపకట్టెలు వెలిగించి, పెద్దలను చీకట్లో వచ్చి వెలుగులో వెళ్ళమని పిలుస్తారు. గోగుపుల్లలకు గుడ్డ చుట్టి వెలిగించి 'దుబ్బు దుబ్బు దీపావళి' అని కొట్టే మన పిల్లలు, వాళ్ళ పిల్లలు ఒకే వీధిలో కనిపిస్తారు.

గజపతి జిల్లాకు వచ్చినవాళ్ళు ఇంకో లెక్క నేర్చుకోవాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ వందలో 38 మంది దాకా క్రైస్తవులు, వాళ్ళలో ఎక్కువమంది కొండల మీది సవరలు. మోహనా, నువాగడ, సెరంగో వైపు ఉద్యోగం పడితే ఆదివారం ఉదయం ఎవరింటి తలుపూ తట్టకండి, అందరూ చర్చిలో ఉంటారు. సర్వేలు, గ్రామసభలు ఆదివారం పెట్టే ఆఫీసరుకు ఖాళీ కుర్చీలే మిగులుతాయి. డిసెంబరు మూడో వారం నుంచి కొత్త సంవత్సరం దాకా ఆ ఊళ్ళలో పెద్ద పనులేవీ జరగవు, జాబితాలో సెలవు 25వ తేదీ ఒక్కటే అయినా సరే. గుడ్ ఫ్రైడేకు శుభాకాంక్షలు చెప్పకండి, అది దుఃఖదినం. కొత్తగా వచ్చినవాళ్ళు ఉత్సాహంగా మెసేజీలు పెట్టేస్తుంటారు.

అదే జిల్లాలో చంద్రగిరి దగ్గర 1960లలో వచ్చి స్థిరపడ్డ టిబెటన్లున్నారు. జిరంగ్‌లోని పెద్ద బౌద్ధ విహారాన్ని 2010లో దలైలామా ప్రారంభించారు. వాళ్ళ సంవత్సరాది లోసర్ ఫిబ్రవరిలోనో మార్చిలోనో వస్తుంది. ఒకే జిల్లాలో మన ఉగాది, ఒడియా సంవత్సరాది, లోసర్, జనవరి 1 అన్నీ జరుగుతాయి. మహాశివరాత్రికి మహేంద్రగిరి మీదికి రెండు రాష్ట్రాల జనం ఎక్కుతారు. ఆ రాత్రి కొండదారిలో సొంత బండి తీసుకెళ్ళకపోవడమే మంచిది.

ఈద్ తేదీలు నెలవంకను బట్టి ఒకరోజు అటూఇటూ అవుతాయి. ప్రభుత్వం ముందురోజు సాయంత్రం సెలవు మార్చిన సందర్భాలూ ఉంటాయి కాబట్టి ఆ రోజు రిజిస్ట్రేషను పెట్టుకోకండి. కొరాపుట్, రాయగడ కొండల్లో చైత్రమాసమంతా ఆదివాసుల చైత్ర పరబ్. రోడ్డుకు అడ్డంగా తాడో కర్రో పట్టుకుని ఆడవాళ్ళు, పిల్లలు చందా అడుగుతారు. భయపడేది ఏమీ లేదు, చిల్లర దగ్గర ఉంచుకుంటే చాలు.

చివరిగా బరంపురం వాళ్ళకు. బుఢీ ఠాకురాణి యాత్ర రెండేళ్ళకోసారి చైత్రం వైపు వస్తుంది, 2025లో జరిగింది. దాదాపు నెల్లాళ్ళు అమ్మవారు గుడి వదిలి దేశీబెహెరా వీధిలో పుట్టింట్లో ఉంటుంది. యాత్ర నడిపేది పట్టు నేసే డేరా కులస్థులు, వాళ్ళిళ్ళలో తెలుగే మాట్లాడతారు. మొక్కున్నవాళ్ళు పులి వేషం, దేవుళ్ళ వేషాలు కట్టి రాత్రంతా వీధుల్లో తిరుగుతారు. రాష్ట్ర సెలవుల పట్టీలో వెతికినా ఈ నెల్లాళ్ళు కనిపించవు, కానీ పాత బరంపురంలో సాయంత్రం ఆరు తర్వాత బండి కదలదు. ఆ నెలలో ఇల్లు మారేవాళ్ళు సామాను లారీని ఉదయాన్నే రమ్మనండి, ఇంటి ఓనరుతో రెండు రోజుల ముందే మాట్లాడుకుని.