షోకేస్‌లో పెట్టిన వైన్ బాటిల్‌ని ఏం చేయాలె?

హైదరాబాద్‌లో చాలా ఇళ్ళల్ల ఒక వైన్ బాటిల్ ఉంటది, అమెరికా నుంచి వచ్చిన బావగారో గృహప్రవేశానికి వచ్చిన ఆఫీసోళ్ళో ఇచ్చింది, షోకేస్‌లో ట్యూబ్‌లైట్ కింద నిలబెట్టి ఉంచుతారు, ఎందుకు తాగట్లేదంటే "పాతదైతే రేటు పెరుగుతది కదా" అంటారు. ఇది పాత బియ్యం లెక్క కాదండీ. మామూలు రేటు వైన్ అయితే ఈ వారమే తాగేయండి.

పాతబడితే బాగయ్యే వైన్‌లో ఒగరు (టానిన్ అంటారు, చిగుళ్ళు పట్టేసినట్టు ఉంటది), పులుపు గట్టిగా ఉండాలె, ఏళ్ళు గడిచేకొద్దీ ఆ ఒగరు మెత్తబడి కొత్త వాసనలొస్తయి. చవక వైన్‌ని కొన్న రోజే మెత్తగా తాగేటట్టు చేస్తారు, దాంట్లో ఉన్నదంతా తాజా పండు వాసనే, అది పోయినంక మిగిలేది ఏం లేదు. పోర్చుగల్ వింటేజ్ పోర్ట్ (ఒకే ఏడాది ద్రాక్షతో చేసే ఘాటైన తియ్యటి వైన్) దశాబ్దాలు ఉంటది నిజమే, కానీ గోవా నుంచి తెచ్చుకునే తియ్యటి పోర్ట్ వైన్ వేరే సంగతి, దాన్ని దాయకండి.

ముందు లేబుల్ మీద సంవత్సరం (ద్రాక్ష కోసిన ఏడాది) చూడండి. అక్కడినుంచి వైట్, రోజే (గులాబీ రంగు వైన్) అయితే ఒకటి రెండేళ్ళు, మామూలు రెడ్ అయితే మూడేళ్ళు, అంతకన్నా ఆశ పెట్టుకోవద్దు. సంవత్సరమే వేయలేదంటే దాచేందుకు చేసింది కాదన్నట్టే. తర్వాత వెలుతురుకి పట్టి చూడండి, వైట్ గోధుమ రంగుకి తిరిగినా, కార్క్ పైకి తన్నుకొచ్చినా వేడికో గాలికో దెబ్బ తిన్నదే. ఓపెన్ చేస్తే వెనిగర్ లేదా ఉడికిన పండు వాసన కొడితే సింక్‌లో పోసేయండి (విషమేం కాదు, రుచే పోయింది).

దాయాలంటే చీకట్ల 12-13 డిగ్రీల దగ్గర కదలకుండా ఉంచాలె. మన దగ్గర మే నెలల 40 దాటుతది, ఇంక సజ్జ మీద పెడితే చెప్పేదేముంది. కార్క్ ఉన్నది పడుకోబెట్టండి, లేకుంటే ఎండిపోయి గాలి దూరుతది, స్క్రూ క్యాప్‌ది ఎట్లయినా పర్లేదు. ఫ్రిజ్‌లో కొన్ని నెలలు ఓకే.

ఇంక అమ్ముకోవడం. 2018లో న్యూయార్క్‌లో సోథెబీస్ వేలంలో 1945 నాటి రోమనీ-కాంటి (ఫ్రాన్స్ రెడ్ వైన్) బాటిల్ ఒకటి 5,58,000 డాలర్లకి పోయింది, అందరి బుర్రల్ల తిరిగేవి ఇట్లాంటి వార్తలే, కానీ అది చాలా కొద్దిగా తయారైన వైన్, మొదటినుంచి ఎక్కడ దాచారో లెక్క ఉన్న బాటిల్. మీ షోకేస్ దాన్ని ఎవరూ కొనరు, పైగా లైసెన్స్ లేకుండా మందు అమ్మితే ఎక్సైజ్ కేసు.

తీసినంక మిగిలితే మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి, రెడ్ అయినా సరే, మూడు నాలుగు రోజులు నిలుస్తది. తర్వాత మటన్‌లో ఒక గ్లాసు పోయొచ్చు, పుల్లగా వాసనొస్తే మాత్రం వద్దు, కూర కూడా పాడయితది.