విటమిన్ డి: వారం మాత్రను రోజూ మింగకండి

బెజవాడలో ఎండకు కొదవ లేదు. అయినా పొద్దస్తమానం నీడపట్టున ఉండేవాళ్లకు విటమిన్ డి తగ్గొచ్చు. మాత్ర కొనేముందు 25-హైడ్రాక్సీ విటమిన్ డి రక్తపరీక్ష చేయించండి. మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల లోపుంటే సాధారణంగా లోపమంటారు.

డాక్టరు ఎక్కువగా రాసేది 60,000 యూనిట్ల మాత్ర, వారానికి ఒకటి, సుమారు 8 వారాలు. పెద్ద పొరపాటు ఇక్కడే జరుగుతుంది: దాన్ని రోజూ వేసుకుంటారు. పెద్దల రోజువారీ అవసరం 600 యూనిట్లే; సొంతంగా వాడేటప్పుడు రోజుకు 4,000 దాటకూడదు. అందుకే ఆదివారమని అట్ట మీదే రాసిపెట్టుకోండి. మరిచిపోతే రెండు కలిపి వేసుకోవద్దు. ఇది కొవ్వులో కరిగే విటమిన్. పప్పు, నెయ్యి కలిపిన అన్నం తిన్నాక వేసుకుంటే బాగా ఒంటబడుతుంది.

మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరుగుతుంది. వికారం, మలబద్ధకం, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, తికమక కనిపిస్తాయి, మూత్రపిండాలు దెబ్బతినొచ్చు. వెంటనే మాత్ర ఆపి, కాల్షియం, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపేది) పరీక్షలకు వెళ్లండి. కొవ్వులో నిల్వ ఉంటుంది కాబట్టి ఆపినా ప్రభావం వారాలు, నెలలు సాగుతుంది.

కిడ్నీలో రాళ్లున్నా, బీపీకి థయజైడ్ మాత్రలో, గుండెకు డిగాక్సినో వాడుతున్నా ముందే డాక్టరుకు చెప్పండి. చాలా కాల్షియం మాత్రల్లోనూ విటమిన్ డి ఉంటుంది. అదీ లెక్కలోకి తీసుకోండి.