పాత బండికి మళ్లీ ప్రాణం – 3వ పాఠం: స్పార్క్ ఎక్కడ ఆగింది?

పోయిన పాఠంలో ట్యాంకు తుప్పు కడిగి, కార్బురేటర్ పైలట్ జెట్‌లో ఎండిపోయిన జిగురు తీశాం. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మన కోనసీమ గాలికి సగం ట్యాంకుతో నెలల తరబడి నిలబెట్టిన బండిలో అడుగున నీళ్లు చేరడానికి అదీ ఒక కారణం. పాత పెట్రోలు మళ్లీ పోయకండి.

ఈ పాఠం కూడా నాన్నగారి బుల్లెట్ 350 మీదే. కాయల బేరానికి అంబాజీపేట తిరిగిన బండి, ఆరేళ్లు కొబ్బరి పాకలో ఉండిపోయింది.

ముందు ఇగ్నిషన్ ఆపి, పెట్రోలు కుళాయి తెరిచి ఐదారు కిక్కులు కొట్టి ప్లగ్ విప్పండి. కొన తడిగా ఉంటే పెట్రోలు అందుతోంది. పొడిగా ఉంటే 2వ పాఠానికే వెళ్లండి, స్పార్క్ జోలికి ఇప్పుడే రావద్దు. తడిగా ఉంటే కుళాయి కట్టేసి, కారిన పెట్రోలు తుడిచి, ప్లగ్‌ను క్యాప్‌కు పెట్టి దాని మరలు ఇంజన్ హెడ్‌కు తగిలేలా ఆనించండి. ప్లగ్ రంధ్రానికి మాత్రం దూరంగా ఉండాలి. తాళం తిప్పి నీడలో కిక్ కొడితే నీలం రంగు స్పార్క్ కనిపించాలి. నాకు ఏమీ కనిపించలేదు.

అక్కడే కాయిల్ (బ్యాటరీ వోల్టేజిని స్పార్క్ పుట్టేంతగా పెంచే తీగచుట్ట) కొనడానికి పరుగెత్తకండి. హెడ్‌లైట్ పైన ఆమీటర్ (కరెంటు ఎటు పారుతోందో చూపే మీటరు) సూది ఉంది కదా, అది చెప్పినంత నిజం ఇంకేదీ చెప్పదు. తాళం ఆన్‌లోనే ఉంచి, డీకంప్రెసర్ (సిలిండర్‌లోని ఒత్తిడిని వదిలేసే మీట) నొక్కి, కిక్‌ను చేత్తో మెల్లగా దించండి. పాయింట్లు, అంటే కాయిల్ కరెంటును కలిపి తెంచే చిన్న స్విచ్ ముఖాలు, మూసుకున్నప్పుడు కాయిల్‌లోకి కరెంటు వెళ్తుంది, సూది మైనస్ వైపు వాలుతుంది. తెరుచుకోగానే మధ్యకు వస్తుంది. ఆ తెరుచుకునే క్షణంలోనే కాయిల్ నుంచి ప్లగ్‌కు స్పార్క్ వెళ్తుంది. సూది మైనస్‌లోనే ఉండిపోతే పాయింట్లు తెరుచుకోవడం లేదు, లేదా పాయింట్ల మధ్య నిప్పురవ్వలను తగ్గించే కండెన్సర్ షార్ట్ అయింది. నా బండిలో హారన్ మోగుతోంది, సూది మాత్రం కదల్లేదు. అంటే బ్యాటరీ బాగానే ఉంది, అనుమానం పాయింట్ల మీదే.

పాయింట్ల మూత తీసి టార్చ్ వేసి చూశాను. కందిబద్దంత రెండు ముఖాలు, వాటి మీద బూడిద రంగు పూత. సముద్రపు గాలి, కాలవ తేమ కలిసి చేసిన పని అది. స్పిరిట్‌లో తడిపిన కాగితం ముక్కను మధ్యలో పెట్టి, పాయింట్లు మూసి లాగాను. మొదటిసారి నల్లటి చార వచ్చింది. నాలుగోసారికి తెల్లగా వచ్చింది. చివరగా పొడి కాగితంతో ఒకసారి లాగి, నార మిగలకుండా చూడండి. గుంటలు పడి ఉంటే సన్నటి ఆకురాయితో రెండు మూడు సార్లు రుద్దితే చాలు. ఎమరీ కాగితం వద్దు, దాని రేణువులు లోహంలో దిగబడతాయి. కొబ్బరినూనె అంటిన చేత్తో అస్సలు ముట్టుకోవద్దు.

ఇక గ్యాప్. కిక్‌ను మెల్లగా దించుతూ పాయింట్లు పూర్తిగా తెరుచుకున్న చోట నిలిపి, వాటి మధ్య సందును 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య పెట్టాలి. ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకుల కట్ట) రేకు కొంచెం ఒరుసుకుంటూ దూరాలి. మన దగ్గర చాలామంది హ్యాక్సా బ్లేడు దూర్చి సరే అనేస్తారు. బ్లేడు మందం సుమారు 0.6 ఉంటుంది. గ్యాప్ అంత ఎక్కువైతే పాయింట్లు మూసి ఉండే సమయం తగ్గి స్పార్క్ నీరసపడుతుంది. ఫీలర్ గేజ్ ఒక్కసారి కొంటే జీవితాంతం ఉంటుంది, దయచేసి కొనండి.

తాళం ఆన్ చేసి కిక్ దించితే ఈసారి సూది వాలింది. ప్లగ్ కొన దగ్గర టిక్కుమని నీలం స్పార్క్ వచ్చింది. నాన్నగారు అరుగు మీద నుంచి లేచి వచ్చి మళ్లీ కొట్టించి మరీ చూశారు.

మీకూ స్పార్క్ వచ్చినా ఇప్పుడే స్టార్ట్ చేయకండి. గ్యాప్ మారితే టైమింగ్ (స్పార్క్ పడే క్షణం) కూడా మారుతుంది. టైమింగ్ మరీ ముందుకు జరిగితే కిక్ ఎదురు తన్ని మడమ దెబ్బతింటుంది. 4వ పాఠం దాని గురించే. ఒక సైకిల్ పుల్ల, ఒక సిగరెట్ కాగితం దగ్గర పెట్టుకోండి.