సొట్ట చిన్నదే, మరి క్లెయిమ్ చేయాలా వద్దా?

పోయిన ఉగాది ముందు రోజు మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారు రివర్స్ తీస్తూ పిల్లర్‌కి గుద్దాను. తప్పు నాదే, ఫోన్‌లో మాట్లాడుతున్నాను. వెనక బంపర్ ఎడమ మూల చీలింది, దాని పైన బాడీ మీద అరచేయంత సొట్ట, పెయింట్ లేచిపోయి రేకు కనపడుతోంది. వాచ్‌మన్ వచ్చి ఓసారి వంగి చూసి "ఇన్సూరెన్స్ ఉంటది కద సార్" అన్నాడు. రాత్రి మా బావమరిదిదీ అదే పాట: "ఏటా వేలకి వేలు కడుతున్నావ్, వాడుకోడానికే కదా బావా?" మర్నాడు షోరూమ్ వర్క్‌షాప్‌లో సర్వీస్ అడ్వైజర్ అయితే నేను నోరు తెరవకముందే "క్లెయిమ్ వేసేద్దాం సార్, ఫైల్ చార్జ్ వెయ్యి కట్టండి చాలు, మిగతాది మేం చూసుకుంటాం" అనేశాడు.

ముగ్గురూ మంచికే చెప్పారు కానీ ముగ్గురిలో ఒక్కరూ లెక్క వేయలేదు. నేను వేశాను, అరగంట పట్టింది. మీరూ వేసుకోవచ్చు, పాలసీ కాగితం, రిపేర్ ఎస్టిమేట్, ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంటే చాలు.

ముందు ఎస్టిమేట్ రాయించండి, కానీ బంపర్ విప్పి చూశాకే రాయమనండి. పైకి గీతలా కనపడేదాని వెనక క్లిప్పులు విరగొచ్చు, పార్కింగ్ సెన్సర్ పోవచ్చు, ముందు వైపయితే హెడ్‌లైట్ చెవి విరిగి లైటు ఊగుతుండొచ్చు. నాకు అదృష్టం కొద్దీ లోపల ఏం లేదు. జీఎస్టీతో కలిపి కొత్త బంపర్ 5,000, రెండు ప్యానెళ్ల పెయింటింగ్ 8,800, టింకరింగ్, ఫిట్టింగ్ కూలి 2,200, మొత్తం 16,000 రూపాయలు అన్నాడు.

ఇప్పుడు ఇందులో ఇన్సూరెన్స్ వాళ్లు ఇచ్చేది ఎంత? జీరో డెప్ (సామాన్ల అరుగుదల కింద కోత పెట్టకుండా ఇచ్చే అదనపు కవర్) తీసుకోని మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు సామాన్లకి, టైర్లకి, బ్యాటరీకి సగమే ఇస్తారు, బండి నిన్ననే కొన్నా సరే సగమే. అద్దానికి కోత లేదు. రేకు భాగాలు కొత్తవి వేస్తే బండి వయసుని బట్టి కోస్తారు, ఆరు నెలల లోపు ఏమీ ఉండదు, ఏడాది నుంచి రెండేళ్ల మధ్య 10 శాతం, మూడు నాలుగేళ్ల మధ్య 25, నాలుగు దాటి ఐదు లోపయితే 35, ఆ పైన పదేళ్ల దాకా 40. పెయింటింగ్ బిల్లులో నాలుగో వంతుని మెటీరియల్ ఖర్చు కింద లెక్కగట్టి అందులో సగం తీసేస్తారు, అంటే మొత్తం మీద పన్నెండున్నర శాతం పోతుంది. కూలికి కోత లేదు. ఇవన్నీ పోయాక తప్పనిసరిగా మనం భరించాల్సిన వాటా ఒకటుంది, 1500 సీసీ లోపు కారుకి 1,000, ఆ పైన 2,000. అడ్వైజర్లు ఫైల్ చార్జ్ అనేది దీన్నే. ప్రీమియం తగ్గుతుందని పాలసీ తీసుకునేటప్పుడు వాలంటరీ డిడక్టిబుల్ (ఇంకొంత వాటా మనమే భరిస్తామని ఒప్పుకోవడం) పెట్టించుకుని మర్చిపోయిన వాళ్లుంటారు, అలాంటిదుంటే అదీ కలుస్తుంది, కాగితం మీద ఓసారి చూసుకోండి.

నా విషయంలో బంపర్‌కి 2,500, పెయింటింగ్‌కి 7,700, కూలి 2,200 పూర్తిగా. సొట్టని లాగి సరిచేస్తారు, రేకు మార్చరు కాబట్టి ఆ కోత పడలేదు. మొత్తం 12,400, అందులో వెయ్యి తీసేస్తే వాళ్లిచ్చేది 11,400. నా జేబులోంచి 4,600. "వెయ్యి కట్టండి చాలు" అన్న మనిషికి ఈ కాగితం చూపిస్తే "అవున్సార్, జీరో డెప్ అనుకున్నా" అన్నాడు.

అయినా పదకొండు వేలు వస్తున్నాయి కదా, తీసుకుంటే పోలా అనిపిస్తుంది. అసలు ఖర్చు ఇక్కడే దాక్కుని ఉంటుంది, దాని పేరు నో క్లెయిమ్ బోనస్, ఎన్‌సీబీ. ఒక్క ఏడాది క్లెయిమ్ లేకపోతే తర్వాతి ఏడాది ప్రీమియంలో 20 శాతం తగ్గింపు, రెండేళ్లకి 25, మూడేళ్లకి 35, నాలుగేళ్లకి 45, ఐదేళ్లకి 50. ఎక్కేది మెట్టు మెట్టుగానే, పడేది మాత్రం ఒకేసారి సున్నాకి. మూడు వేల క్లెయిమ్ అయినా మూడు లక్షల క్లెయిమ్ అయినా పడడం ఒకటే. తప్పు ఎవరిదన్నదీ చూడరు, మీరు సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే వెనక నుంచి ఆటో వాడు గుద్దినా, మీ పాలసీ మీద రిపేర్ చేయించుకుంటే పోయేది మీ బోనసే.

ఇంకో సంగతి, ఈ తగ్గింపు మొత్తం ప్రీమియం మీద కాదు. సొంత బండి డ్యామేజ్‌కి కట్టే భాగం, కాగితంలో ఓడీ అని ఉంటుంది, దాని మీదే. ఎదుటివాళ్లకి జరిగే నష్టం కోసం కట్టే థర్డ్ పార్టీ భాగానికి దీంతో సంబంధం లేదు. అందుకే పాలసీ తీసి "ఎన్‌సీబీ తీసేయక ముందు ఓడీ ఎంత" అన్న ఒక్క అంకె వెతకండి. నాది 8,000.

క్లెయిమ్ చేస్తే ఒక్క ఏడాది తగ్గింపు పోతుంది అంతే అని చాలామంది అనుకుంటారు. కాదు. మళ్లీ 20, 25, 35 అని మొదటి నుంచీ ఎక్కాలి, ఆ ఎక్కే ఏళ్లన్నీ నష్టమే. నాకప్పటికి 45 నడుస్తోంది. క్లెయిమ్ లేకపోతే వచ్చే ఏడాది నుంచి 50 మీద కూర్చుంటాను. చేస్తే వరసగా 0, 20, 25, 35, 45, ఆ తర్వాతే 50. ఏడాదికేడాది తేడాలు కలిపితే 50, 30, 25, 15, 5, మొత్తం 125 శాతం. అంటే ఓడీ ప్రీమియంకి ఒకటింబావు రెట్లు. ఇదే పద్ధతిలో మిగతా మెట్లకీ వేసి చూశాను. ఇంకా బోనస్ ఏమీ లేని మొదటి ఏడాది బండికి నష్టం 50 శాతమే, 20 మీదున్నవాళ్లకి 80, 25 మీద 105, 35 మీద 120, 45 అయినా 50 అయినా 125. మీ మెట్టు ఏదో చూసి మీ ఓడీతో గుణించండి, దాని మీద 18 శాతం జీఎస్టీ కలపండి. ఆ తర్వాత ఏళ్లలో ఇంకే క్లెయిమూ రాదన్న ఆశతో వేసే లెక్క ఇది, మన ట్రాఫిక్‌లో అది కాస్త పెద్ద ఆశే, ఒప్పుకుంటాను.

నా 8,000కి ఇది 10,000, జీఎస్టీతో 11,800. ఏటా బండి విలువ తగ్గే కొద్దీ ఓడీ కూడా కొంత తగ్గుతుంది కాబట్టి పది వేలే అనుకుందాం. అంటే క్లెయిమ్ దారిలో నాకు పడేది 4,600 ప్లస్ పది వేలు, 14,600. షోరూమ్‌లోనే జేబులోంచి కడితే 16,000. తేడా పద్నాలుగు వందలు, ఇంత దానికి డ్యామేజ్ చూసి లెక్కగట్టే సర్వేయర్ కోసం ఎదురుచూపులు, సంతకాలు, టెన్షన్.

అయితే షోరూమ్ ఎస్టిమేట్‌తో పోల్చి ఆగిపోకండి. క్లెయిమ్ చేయనప్పుడు షోరూమ్‌లోనే చేయించాలన్న రూల్ లేదుగా. మా ఇంటి దగ్గర టింకరింగ్ షెడ్ మేస్త్రీ బంపర్‌ని చూసి మార్చక్కర్లేదన్నాడు, చీలికని వెనక నుంచి వేడి చేసి అతికించి, సొట్ట లాగి, పుటీ పెట్టి, రెండు ప్యానెళ్లకీ పెయింట్ వేసి 7,500. పోలిక అసలు ఇక్కడ, 7,500కీ 14,600కీ మధ్య. నాకు జీరో డెప్ ఉండి వెయ్యి మాత్రమే పడినా 11,000 అయ్యేది, అప్పుడూ మేస్త్రీయే నయం. కాకపోతే షెడ్ పనిలో షేడ్ కలవకపోవడం మామూలే, పెయింట్ బూత్ ఉందో లేదో చూసి, వాళ్లు చేసిన ఇంకో బండిని పగటి వెలుగులో చూసి ఇవ్వండి. నాది ఎండలో చూస్తే కొంచెం తేడా తెలుస్తుంది, ఆ ఏడు వేల తేడా ముందు అది నాకు కనపడట్లేదు.

అలాగని క్లెయిమే చేయొద్దని కాదు. ఎల్‌ఈడీ హెడ్‌లైట్ మొత్తం సెట్టు పోయినా, కింద రాయి తగిలి ఇంజన్ ఆయిల్ చాంబర్ పగిలినా, మూడు నాలుగు ప్యానెళ్లు దెబ్బతిన్నా పైన చెప్పిన లెక్కలో క్లెయిమే గెలుస్తుంది. కొత్త బండి, మొదటి ఏడాది, జీరో డెప్ ఉందంటే చిన్నదానికి కూడా చాలాసార్లు గెలుస్తుంది. ఈ ఏడాది పాలసీలో ఇప్పటికే ఒక క్లెయిమ్ చేసేసి ఉంటే ఇక వెనకాడక్కర్లేదు, బోనస్ ఎటూ పోయింది, రెండోదానికి కొత్తగా పోయేది లేదు. జీరో డెప్‌లో మాత్రం ఏడాదికి ఇన్ని క్లెయిమ్‌లే అని పరిమితి ఉంటుంది, అది చూసుకోండి. క్లెయిమ్ చేసినా బోనస్ పోకుండా కాపాడే ఎన్‌సీబీ ప్రొటెక్ట్ తీసుకున్నవాళ్లదీ వేరే కథ. పాత బండి, వచ్చే ఏడాది నుంచి థర్డ్ పార్టీ ఒక్కటే కడదామనుకుంటున్నారా, అయితే ఆ బోనస్ దాచుకుని చేసేదేం లేదు, వాడేయండి.

దీనికి పూర్తిగా వ్యతిరేకం ఏడాదిలోపు కొత్త కారు కొనబోయేవాళ్లు. ఎన్‌సీబీ బండిది కాదు, మనిషిది. పాత కారు అమ్మేటప్పుడు మీ బోనస్ ఇంత అని కంపెనీ రాసిచ్చే ఎన్‌సీబీ రిటెన్షన్ లెటర్ తీసుకుంటే మూడేళ్లదాకా చెల్లుతుంది. కొత్త కారు ఓడీ 25,000 ఉంటే 50 శాతం అంటే మొదటి ఏడాదే పన్నెండున్నర వేలు, దాన్ని డోరు మీద గీత కోసం పోగొట్టుకోకండి.

ఎదుటి మనిషికి దెబ్బ తగిలినా, వాళ్ల బండి గట్టిగా పాడైనా ఈ లెక్కలన్నీ పక్కన పెట్టండి. కంపెనీకీ పోలీసులకీ వెంటనే చెప్పాల్సిందే, అక్కడికక్కడే ఐదు వేలు చేతిలో పెట్టి పంపేసి తర్వాత కోర్టు నోటీసు వస్తే చాలా ఇబ్బంది పడతారు.

మరీ నాన్చకండి కూడా. బండి కదపకముందే నాలుగు వైపులా, నంబర్ ప్లేట్ కనపడేలా ఫొటోలు తీసి, ఒకటి రెండు రోజుల్లో తేల్చుకోండి. ఆలస్యం అన్న ఒక్క కారణంతో నిజమైన క్లెయిమ్‌ని కొట్టేయొద్దని ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏ 2011లోనే కంపెనీలకి చెప్పింది, అయినా మనమెందుకు సందు ఇవ్వడం. ఈ లోపల కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబర్ తీసేసుకున్నా ఫరవాలేదు, వద్దనుకుంటే డబ్బులేవీ మంజూరు కాకముందే వెనక్కి తీసుకుంటున్నామని మెయిల్ పెట్టి, క్లెయిమ్ ఏమీ చెల్లించకుండా మూసేశామని జవాబు రాయించుకోండి. నేను అలాగే చేశాను, రెన్యువల్ అప్పుడు 50 చూపించకపోతే ఆ మెయిలే పంపి సరి చేయించుకున్నాను.

పాత సొట్టల్ని కూడా ఇందులో కలిపేద్దాం సార్ అని వర్క్‌షాప్‌లో ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ముందు దెబ్బ, వెనక దెబ్బ రెండు వేర్వేరు ఘటనలయితే రెండు క్లెయిమ్‌లే, వెయ్యి కూడా రెండుసార్లే. గీతలో తుప్పు, మట్టి చూసి అది నిన్నటిదా నిరుటిదా అని సర్వేయర్ ఇట్టే చెప్పేస్తాడు. అలాగే క్లెయిమ్ చేసి, రెన్యువల్‌కి కంపెనీ మార్చేసి బోనస్ అలాగే ఉందని చెప్పుకునేవాళ్లూ ఉన్నారు. కొత్త కంపెనీ పాత కంపెనీని అడుగుతుంది, అబద్ధమని తేలితే రేపు నిజంగా బండి నుజ్జయిన రోజు ఓడీ కింద పైసా రాకపోవచ్చు.