కోవిడ్ వేవ్ మళ్లీ వస్తే ఇల్లూ కొట్టూ ఎలా నిలబెట్టుకోవాలి?

బేరాలు పడిపోవడానికి లాక్‌డౌన్ పెట్టక్కర్లేదు, కేసులు పెరుగుతున్నాయన్న వార్త చాలు. 2021లో సెకండ్ వేవ్ అప్పుడు ఏపీలో మధ్యాహ్నం నుంచి కర్ఫ్యూ మే 5న, తెలంగాణలో లాక్‌డౌన్ మే 12న మొదలయ్యాయి గానీ, జనం ఏప్రిల్‌లోనే బయట తినడం, బట్టలు కొనడం మానేశారు. కాబట్టి ప్రభుత్వం ఏం చెబుతుందా అని చూస్తూ కూర్చోకండి. గల్లాపెట్టె రెండు మూడు రోజులు వరసగా సగానికి పడిందంటే లెక్క మొదలుపెట్టాల్సిందే.

ముందు ఒక కాగితం మీద ఇంటి ఖర్చు వేరు, కొట్టు ఖర్చు వేరు రాయండి. చిన్న వ్యాపారుల్లో చాలామందికి ఈ రెండూ ఒకే జేబు, అక్కడే మునుగుతారు. బియ్యం, మందులు, కరెంటు, అద్దె ఒకవైపు. సరుకు బాకీ, చిట్టీ, ఫైనాన్స్ వాయిదా ఇంకోవైపు. సరుకు ఇచ్చే హోల్‌సేల్ ఆయనకు బాకీ గడువు దాటకముందే ఫోన్ చేసి, "అన్నా, ఈ నెల సగమే ఇవ్వగలను, మిగతాది వారం వారం కడతాను" అని చెప్పేయండి. ముందే చెప్పినవాడికి మళ్లీ అరువు పుడుతుంది, ఫోన్ ఎత్తనివాడికి పుట్టదు.

అన్నిటికంటే నాకు భయం వేసేది రోజువారీ ఫైనాన్స్. చేతికి 8,500 ఇచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టమంటారు. వినడానికి చిన్నగా ఉంటుంది, కానీ రోజూ అసలు తగ్గుతూ పోతోందని చూసుకుంటే నూటికి నెలకు దాదాపు పది రూపాయల వడ్డీ. అమ్మకాలు లేని నెలలో ఆ వంద ఎక్కడి నుంచి వస్తుంది? ఇంకో ఫైనాన్స్ నుంచి. దయచేసి ఆ గుమ్మం ఎక్కేముందు డ్వాక్రా సంఘంలో అడగండి, ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టండి. బంగారం మీద కూడా ఎంత ఇస్తే అంత తీసుకోకండి. 2020 ఆగస్టులో రిజర్వు బ్యాంకు విలువలో 90 శాతం దాకా అప్పు ఇవ్వొచ్చని బ్యాంకులకు కొన్నాళ్లు వెసులుబాటు ఇచ్చింది. అంత తీసుకున్నాక ధర కాస్త తగ్గితే వస్తువు వేలానికి పోయే ప్రమాదం. అవసరానికి సరిపడా తీసుకుంటే చాలు.

మారటోరియం, అంటే బ్యాంకు అప్పు వాయిదాలు కొన్నాళ్లు ఆపుకునే వెసులుబాటు, మాఫీ కాదు. 2020లో మార్చి నుంచి ఆగస్టు దాకా వాయిదాలు ఆపుకోవచ్చన్నారు గానీ, వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంది. చేతిలో డబ్బుంటే కట్టేయండి, తిండికే కష్టంగా ఉంటేనే వాడుకోండి.

ఇక అమ్మకం సంగతి. 2021 లాక్‌డౌన్‌లో తెలంగాణలో మొదట్లో ఉదయం ఆరు నుంచి పది వరకే సడలింపు. ఒకే వీధిలో ఇడ్లీ బండికి ఎంతో కొంత బేరం దొరికే వీలుంది, సాయంత్రం మిర్చి బజ్జీల బండికి పొయ్యి వెలిగించే దారే లేదు. అలాంటప్పుడు అదే బండి మీద పొద్దున కూరగాయలో, మామిడి పళ్లో పెట్టాలి. 2020 లాక్‌డౌన్, 2021 సెకండ్ వేవ్ రెండూ మామిడి సీజన్లోనే వచ్చాయి. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ముందురోజు రాత్రి ఆర్డర్లు తీసుకుంటే సరుకు మిగిలిపోదు. తోపుడు బండివాళ్లు మున్సిపాలిటీ గుర్తింపు కార్డు ఇప్పుడే తీసుకుని పెట్టుకోండి. 2020 జూన్‌లో వీధి వ్యాపారుల కోసం కేంద్రం తెచ్చిన పీఎం స్వనిధి పథకం కింద 10,000 అప్పు, సక్రమంగా కడితే 7 శాతం వడ్డీ రాయితీ అని మొదలుపెట్టినప్పుడు, ఆ కార్డు గానీ మున్సిపాలిటీ సిఫార్సు లేఖ గానీ అడిగారు.

ఈ మాట నెల జీతం ఆగనివాళ్లకు. పెళ్లి వాయిదా పడితే టెంట్‌హౌస్, వంటమేస్త్రీ, బ్యాండ్‌వాళ్లకిచ్చిన అడ్వాన్స్ వెనక్కి అడగకండి. వచ్చే ముహూర్తానికి జమ అని కాగితం మీద రాయించుకోండి. ఒక్క పెళ్లి ఆగితే పూలమ్మే ఆవిడ దగ్గర నుంచి గిన్నెలు తోమే కూలీ దాకా అందరికీ ఆ నెల పస్తే. పనిమనిషిని రావద్దన్నా జీతం ఇవ్వండి. కిరాణా కొట్టులో ఖాతా బాకీ ఉంటే ముందు అది తీర్చండి, ఎందుకంటే ఆ కొట్టాయన ఆ డబ్బుతోనే పక్క సందులో అడ్డా కూలీకి అరువిస్తాడు.

రేషన్ వదులుకోకండి. ఏపీ, తెలంగాణ మధ్య కార్డు పోర్టబిలిటీ 2019 ఆగస్టులోనే మొదలైంది కాబట్టి శ్రీకాకుళం కార్డుతో హైదరాబాద్‌లో బియ్యం తీసుకోవచ్చు. వేలిముద్ర పడకపోతే ఊరుకోకుండా ఆధార్ అప్‌డేట్ చేయించండి.

ఇంట్లో ఎవరికైనా పాజిటివ్ వస్తే టెస్ట్ రిపోర్టు, ఆస్పత్రి బిల్లులు, డిశ్చార్జి కాగితాలు ఒకే కవర్లో పెట్టండి, ఫోన్లో ఫోటోలు కూడా తీయండి. 2021లో కోవిడ్ మరణానికి 50,000 పరిహారం ప్రకటించినప్పుడు, పాజిటివ్ వచ్చిన 30 రోజుల్లోపు చనిపోతే ఇంట్లో పోయినా లెక్కలోకి తీసుకోవాలన్నారు. అది రుజువు చేయడానికి ఆ టెస్ట్ రిపోర్టే ఆధారం.