సమస్య - పరిష్కారం: దుకాణంలో కొత్త వెబ్‌సైట్, ఫోనులో పాత వెబ్‌సైట్

సమస్య

వెబ్‌సైట్‌ను ఉంచే హోస్టింగ్ మార్చి, డొమైన్ పేరును సర్వర్ చిరునామాతో కలిపే డీఎన్‌ఎస్‌లో కొత్త సర్వర్ చిరునామా పెట్టి రెండు రోజులయింది. దుకాణంలోని కంప్యూటరులో కొత్త వెబ్‌సైట్ తెరుచుకుంటోంది, యజమాని ఫోనులో మాత్రం పాతదే వస్తోంది. పాత ధరలు చూసిన కొందరు కొనుగోలుదారులు ఆ ధరకే ఇమ్మని అడుగుతున్నారు. ఇటువంటప్పుడు అందరూ చెప్పే మాట, "డీఎన్‌ఎస్ మార్పు అంతటా అందడానికి 48 గంటలు పడుతుంది, ఆగండి" అని. దయచేసి ఊరికే ఆగకండి. ఆ 48 గంటల లెక్క నేమ్‌సర్వర్లనే, అంటే డొమైన్ డీఎన్‌ఎస్ రికార్డులను ఉంచి జవాబిచ్చే సర్వర్లనే, మార్చినప్పటిది. డాట్‌కామ్ పేర్లన్నిటి పట్టికను నడిపే రిజిస్ట్రీ నేమ్‌సర్వర్ వివరాలకు పెట్టే గడువు 1,72,800 సెకన్లు, అంటే 48 గంటలు కనుక ఆ అంకె వాడుకలోకి వచ్చింది. నేమ్‌సర్వర్లను కదపకుండా ఒక్క రికార్డును మార్చినప్పుడు, మార్చక ముందు ఆ రికార్డుకు ఉన్న టీటీఎల్‌నే (పాత జవాబును ఎన్ని సెకన్లు దాచి వాడుకోవచ్చో చెప్పే గడువు) లెక్కలోకి తీసుకోవాలి: 3600 అంటే గంట, 14400 అంటే నాలుగు గంటలు. అంతకు మించి పాతదే వస్తోందంటే ఎక్కడో తప్పు ఉన్నట్టే.

ముందు చూడవలసినది

మార్పు సరైన చోట చేశారా? డొమైన్ కొన్న రిజిస్ట్రార్ ప్యానెల్‌లో రికార్డు మార్చారు సరే, నేమ్‌సర్వర్లు క్లౌడ్‌ఫ్లేర్ వంటి వేరే డీఎన్‌ఎస్ సంస్థవో పాత హోస్టింగ్‌వో అయితే ఆ మార్పును ఎవరూ చదవరు. డొమైన్ వివరాలు చూపే హూయిజ్ (whois)లో నేమ్‌సర్వర్ల పేర్లు చూసి, అవి ఎవరివో వారి ప్యానెల్‌లోనే మార్చాలి. దీనికి ఒక్క నిమిషం చాలు, అయినా పదిమందిలో ఒకరు కూడా ముందుగా చూడరు. అన్ని చోట్లా పాత వెబ్‌సైటే వస్తుంటే చాలావరకు కారణం ఇదే. ఒక చోట కొత్తది, మరొక చోట పాతది వస్తుంటే కింది కారణాన్ని అనుమానించాలి.

అసలు కారణం

డొమైన్ పేరుకు రెండు రకాల చిరునామాలు ఉండవచ్చు. ‘ఎ’ (A) రికార్డు పాత పద్ధతి అయిన ఐపీవీ4 చిరునామాను చెబుతుంది, ‘క్వాడ్ ఎ’ (AAAA) రికార్డు కొత్త పద్ధతి అయిన ఐపీవీ6 చిరునామాను చెబుతుంది. పాత హోస్టింగ్ వారు ఒక్కోసారి రెండింటినీ తామే పెట్టి ఉంటారు. కొత్తవారు ఐపీవీ4 చిరునామా ఒక్కటే పంపుతారు. మనం ‘ఎ’ రికార్డు మార్చి పని అయిపోయిందనుకుంటాం. క్వాడ్ ఎ మాత్రం పాత సర్వర్‌నే చూపుతూ ఉండిపోతుంది. ఐపీవీ6 లేని బ్రాడ్‌బ్యాండ్ మీద ఈ లోపం కనబడదు. జియో వంటి మొబైల్ నెట్‌వర్కులు ఫోన్లకు ఐపీవీ6 ఇస్తాయి, అది ఉన్నచోట బ్రౌజరు ముందుగా దానినే ప్రయత్నిస్తుంది. ఆ దారి మూసుకుపోయి ఉంటే క్షణంలో ఐపీవీ4కు మళ్లేదే, కానీ పాత సర్వర్ ఇంకా పనిచేస్తూ చక్కగా జవాబిస్తున్నందువల్ల మళ్లవలసిన అవసరమే రాదు.

మంగళగిరిలో చేనేత చీరలు అమ్మే ఒక దుకాణం పనిలో నేను దీని చేత దెబ్బతిన్నాను. మూడు రోజులు బ్రౌజరు దాచుకున్న పాత పేజీల క్యాష్ తుడిపించాను, ఫోను ఆపి మళ్లీ వేయించాను, కొత్త హోస్టింగ్ వారితో వాదించాను. చివరకు యజమాని పక్కన కూర్చుని ఆయన ఫోనులో వైఫై ఆపితే పోయిన ఏడాది చీరల పేజీ వచ్చింది, వైఫై వేస్తే కొత్త పేజీ వచ్చింది. అదే ఫోను, అదే బ్రౌజరు. మారింది నెట్‌వర్క్ ఒక్కటే. ఇప్పుడు ఈ పరీక్ష చేయకుండా నేను మరే పనీ మొదలుపెట్టను.

పరిష్కారం

విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఎన్‌ఎస్‌లుకప్ (nslookup) ఆదేశం పక్కన డొమైన్ పేరు ఇవ్వండి. చుక్కలున్న చిరునామాతో పాటు కోలన్లున్న పొడవైన చిరునామా కూడా కనబడితే అది కొత్త సర్వర్‌దేనా అని కొత్త హోస్టింగ్ వారిని అడగండి. వారు ఐపీవీ6 ఇస్తే ఆ చిరునామాను క్వాడ్ ఎ రికార్డులో పెట్టండి, ఇవ్వకపోతే ఆ రికార్డును తీసివేయండి. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్న పేరుకు విడిగా క్వాడ్ ఎ ఉండవచ్చు కనుక దానినీ చూడాలి. వెబ్‌సైట్లకు ఉచితంగా భద్రతా సర్టిఫికెట్ ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ సర్టిఫికెట్ కొత్త సర్వర్‌లో రావడం లేదన్న ఫిర్యాదు కూడా చాలాసార్లు దీనితోనే తీరిపోతుంది, ఎందుకంటే తనిఖీకి వచ్చే ఆ సంస్థ యంత్రం కూడా ఐపీవీ6 ఉంటే ముందు ఆ చిరునామాకే వెళుతుంది.

పాతది వస్తున్న కంప్యూటరులోని హోస్ట్స్ ఫైలులో (డీఎన్‌ఎస్‌ను అడగకముందే కంప్యూటరు చూసుకునే చిరునామాల జాబితా) ఎవరో పరీక్ష కోసం చిరునామా రాసి మరచిపోవడం వంటివి అరుదు. పై రెండూ చూశాకే వాటి జోలికి వెళ్లండి.

టీటీఎల్ సమయం గడిచాక వైఫై ఆపిన ఫోనులో మరొకసారి చూడండి. కొత్త పేజీ వస్తే పాత హోస్టింగ్ రద్దు చేయవచ్చు, అయితే దానికి ముందు మెయిల్ ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే ఎంఎక్స్ (MX) రికార్డు తెరిచి, దుకాణం మెయిల్ ఇంకా ఆ పాత సర్వర్‌కే వెళుతోందేమో చూసుకోండి.