చలి ముదరకముందే కానపీ సంగతి చూసుకోండి

అమెరికాలో ఔత్సాహికులు సొంతంగా కట్టుకునే వ్యాన్స్ ఆర్వీ లాంటి చిన్న విమానాల కానపీ, అంటే కూర్చునే చోటు మీద మూసే పారదర్శకమైన మూత, గాజు కాదు, అక్రిలిక్ అనే ప్లాస్టిక్. ఇట్టే గీతలు పడుతుంది, చలికి పెళుసెక్కుతుంది. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఆ గీతలు పెద్దగా తెలియవు. చలికాలం సాయంత్రం ఎండ ఏటవాలుగా పడిందంటే ప్రతి సన్నగీతా వెలిగి, కళ్లముందు తెల్లటి తెర కట్టేస్తుంది. పడమటికి దిగేవాళ్లకు రన్‌వేయే కనబడదు. అందుకే ఈ పనులు వెచ్చగా ఉండగానే ముగించాలి.

చీకటి పడ్డాక టార్చిని కానపీకి దాదాపు ఆనించి, అడ్డంగా వెలుగు వేసి చూడండి. గీతలు సుడులు తిరిగి కనిపిస్తే గుండ్రంగా తుడుస్తున్నారన్నమాట. ఇకమీదట ముందు నుంచి వెనక్కి, తిన్నగానే తుడవాలి. ఉంగరాలు, వాచీ తీసేసి, ముందు నీళ్లు ధారగా పోస్తూ ఉత్త చేత్తో నిమరండి. ఇసుక రేణువు వేలికి తెలుస్తుంది, గుడ్డ పట్టుకుంటే తెలియదు. ఆ తర్వాతే పలుచని సబ్బునీళ్లు, ఉతికిన మెత్తటి గుడ్డ. పేపర్ టవల్ వద్దు. పొడిగుడ్డతో రుద్దితే స్టాటిక్ పుట్టి దుమ్మును లాక్కుంటుంది. అమోనియా కలిసిన అద్దాల క్లీనర్, పెట్రోలు, అసిటోన్, థిన్నర్ దగ్గరికి రానివ్వొద్దు. ముఖ్యంగా స్క్రూల చుట్టూ, ఒత్తిడి ఉన్నచోట, వెంట్రుకల్లాంటి పగుళ్లు లేస్తాయి. అవి పాలిష్‌కు లొంగవు.

గోరు తట్టుకోని గీతలకు మైక్రోమెష్ (నంబరు పెరిగేకొద్దీ సన్నబడే పాలిష్ గుడ్డ) చాలు. పనిచేసే వాటిలో అతి సన్ననిదానితో మొదలుపెట్టి, నీళ్లు చల్లుతూ 12000 దాకా వెళ్లండి. ఒక నంబరు అడ్డంగా రుద్దితే తర్వాతిది నిలువుగా. పాత గీతలు పూర్తిగా మాయమయ్యాకే నంబరు మార్చాలి, మధ్యలో కడగాలి. గోరు తట్టుకునే లోతైన గీతను ఒక్కచోటే అరగదీస్తే అక్కడ గుంటపడి దృశ్యం వంకరపోతుంది. కంటికి ఎదురుగా ఉన్నచోట అది గీత కన్నా ప్రమాదం.

స్క్రూల దగ్గర తొందరపడొద్దు. అక్రిలిక్ వేడికి విమానం ఒంటి అల్యూమినియం కన్నా మూడింతలు సాగుతుంది. మీటరున్నర పొడవులో 30 డిగ్రీలు తేడా వస్తే రెండింటి మధ్య సుమారు 2 మిల్లీమీటర్ల వ్యత్యాసం. రంధ్రం స్క్రూ కన్నా వదులుగా లేకపోయినా, స్క్రూ బిగదీసినా పగులు ఖాయం. పగులు కనిపిస్తే దాని కొసన 3 మిల్లీమీటర్ల రంధ్రం వేసి ఆపాలి. ప్లాస్టిక్ కోసం చేసిన బిట్టే వాడాలి, మామూలు బిట్టు కొరికి ఇంకా చీలుస్తుంది. ఈ పని 27 డిగ్రీలకు తక్కువలో చేయొద్దు.

ఇద్దరు ఎక్కి కానపీ మూశాక ఊపిరి తేమే లోపల ఆవిరై పట్టేస్తుంది. డ్యాష్ మీద, విండ్‌షీల్డ్ మొదట్లో రెండు చిన్న 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాన్లు, ఫ్యూజుతో సహా పెట్టండి. పైన జాలీ వేస్తే జారిన పెన్ను రెక్కల్లో ఇరుక్కోదు. వాటి అయస్కాంతాలు దిక్సూచిని తిప్పేస్తాయి కనుక ఆన్ చేసి ఒకసారి, ఆపి ఒకసారి రీడింగ్ సరిచూడండి. డ్యాష్ పైభాగం మెరవని నలుపుండాలి. అక్కడ పెట్టిన తెల్లకాగితం విండ్‌షీల్డ్‌లో ప్రతిబింబించి దారి కప్పేస్తుంది.

మంచు గడ్డకడితే గీకొద్దు, వేడినీళ్లు పోయొద్దు. హ్యాంగర్‌లోకి తోసి కరగనివ్వండి. రాత్రి కవర్ కప్పేముందు కానపీ కడగండి, లేకుంటే గాలికి ఊగే కవరే కింది దుమ్ముతో గీస్తుంది.